విన్నపాల పుస్తకం

మొన్న పంజగుట్ట పోస్టాఫీసులో కవరు అంటించడానికి జిగురు డబ్బాలో వేలు పెట్టాను. రెండు మూడు రోజుల నాటి మైదా జిగురు. పులిసిపోయి ఉంది. వెనక నిలబడ్డ అమ్మాయి ముక్కు మూసుకుని పక్కకు జరిగింది. నేను కదలలేకపోయాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ల కిందట అమీర్‌పేటలో ఒక ఇంటి వరండాలో ఎప్పుడూ ఉండేది. ఆ వరండాలో కూర్చునే నేను రాయడం నేర్చుకున్నాను. ఆ వరండాలోనే, నాకు తెలియకుండా, మా అన్నను సర్కారుకు పట్టించాను. నేర్పినవాడూ నా చేత పట్టించినవాడూ ఒక్కడే. ఆయన పేరు జ్ఞానరత్నం.

ఆయన పోయి పదేళ్లు దాటింది. మా చర్చి పక్కన కొత్తగా కట్టిన హాలుకు ఆయన పేరు పెడతారట. కమిటీ వాళ్లు ఇంటికి వచ్చి, "ఆయన శిష్యురాలివి నువ్వే కదమ్మా, ఒక రెండు పేజీలు రాసివ్వు" అన్నారు. రాశాను. మర్యాదగా రాశాను. మరునాడు చదువుకుని చించేశాను. ఇది రెండోసారి రాస్తున్నది. దీన్ని వాళ్లకు ఇస్తానో లేదో తెలియదు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు చదివితే చాలు.

ఆయన గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాడు. పొట్టి మనిషి, తెల్లటి ప్యాంటు, చీలమండ దగ్గర సైకిలు క్లిప్పు. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, కొంత ఫారసీ వచ్చు. లక్డీకాపూల్ దాటాక ఏదో సర్కారు కచ్చేరీలో తర్జుమా పని అని చెప్పేవాడు. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. ఆ రోజుల్లో కోర్టు నోటీసైనా, ఇంటి కాగితమైనా ఉర్దూలోనే వచ్చేది. మావాళ్లలో ఉర్దూ మాట్లాడడం అందరికీ వచ్చు, చదవడం ఎవరికీ రాదు. ప్రతి కాగితమూ ఆయన వరండాకే వెళ్లేది. చదివి, అర్థం చెప్పి, జవాబు కూడా రాసిచ్చేవాడు. ప్రతిఫలంగా ఒక నిమ్మకాయ కూడా పుచ్చుకోలేదు. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను. ఆయన గురించి మంచి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అయినా నిజం నిజమే.

మా నాన్న నాకు పదేళ్లప్పుడు పోయాడు. అమ్మ ఆసుపత్రిలో ఆయా. అన్న దేవదానం నాకంటే ఆరేళ్లు పెద్ద. మేము దానం అనేవాళ్లం. వాడు చదువు మానేసి పనికి పోయాడు, నేను చదువుకోవాలని. నా పన్నెండో ఏట అమ్మ నన్ను జ్ఞానరత్నం గారి దగ్గరకు తీసుకుపోయింది. "సారూ, దీనికి నాలుగు అక్షరాలు సక్కగ నేర్పుండ్రి. మావోడు దీని కోసమే కష్టపడుతుండు" అంది. ఆయన నన్ను ఒక పేరా రాయమన్నాడు. చదివి, సగం కొట్టేశాడు. "చూసింది రాయి. అనుకున్నది రాయకు. ఇంకేం నేర్పేది లేదు, ఇంతే" అన్నాడు. ఆ మాట మీదే ఏడెనిమిదేళ్లు నేర్పాడు.

చర్చి తరఫున జబ్బుపడ్డ వాళ్లను చూడడానికి ఆడవాళ్లం వెళ్లేవాళ్లం. తిరిగి వచ్చాక ఆయన నన్ను అడిగేవాడు. నాకు పదిహేనేళ్లప్పుడు ఒకసారి పంజగుట్ట గుట్టల కింద ఒక ఇంటికి వెళ్లి వచ్చాను.

"ఇంట్లో ఎంతమంది?" అన్నాడు.

"అయిదుగురు సారూ."

"ఎలా తెలుసు?"

"వాళ్లే చెప్పారు."

"వాళ్లు చెప్పింది నాకెందుకమ్మా? నువ్వేం చూశావు?"

నేను కళ్లు మూసుకుని ఆలోచించాను. "గోడ పక్కన కడిగి బోర్లించిన గ్లాసులు ఏడున్నాయి. అన్నీ తడిగానే ఉన్నాయి."

"అయితే?"

"ఇంకో ఇద్దరు ఉన్నారు. లోపలి గదిలో."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పాసయ్యావు" అన్నాడు. ఆ రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ పోయాను. నన్ను ఎవరూ అంతకు ముందు అంతగా మెచ్చుకోలేదు. ఆ లోపలి గదిలో ఇద్దరు ఎవరో, ఎందుకు దాక్కున్నారో నేను ఆలోచించలేదు. వాళ్లకు తర్వాత ఏమైందో ఈరోజుకీ నాకు తెలియదు.

ఇంకోటి కూడా నేర్పాడు. ఎవరినీ ప్రశ్న అడగవద్దనేవాడు. మా వీధి వెనక ఒక జాగీర్దారు తోట ఉండేది. దాని మాలి గేటు దగ్గర బీడీ కాల్చుకుంటున్నాడు. జ్ఞానరత్నం గారు సైకిలు ఆపి, "ఏం భాయ్, మీ దొర రేపు ఊటీ పోతున్నాడటగా?" అన్నాడు.

"ఊటీ ఎక్కడిది సారూ! బొంబాయి. అది సుత ఎల్లుండి. బేగం సాబ్ పోతలేదు, ఒక్కడే పోతుండు" అన్నాడు మాలి.

సైకిలు నాలుగు గజాలు నడిపించాక ఆయన నాతో అన్నాడు: "దొర ఎక్కడికి పోతున్నాడని అడిగి ఉంటే, నీకెందుకయ్యా అనేవాడు. మనిషి ప్రశ్నకు జవాబు చెప్పకపోవచ్చు సుగుణా. తప్పును మాత్రం దిద్దకుండా ఉండలేడు. చదువుకున్నవాడైతే అసలే ఉండలేడు."

మాలిని తలుచుకుని నవ్వాను. నాకు అదంతా ఒక ఆటలా ఉండేది. గూఢచారులంటే వేషాలు మార్చుకుని సరిహద్దులు దాటేవాళ్లనీ, ఉత్తరాలు చెప్పుల్లో కుట్టుకునేవాళ్లనీ కథల్లో చదివాను. నిజంగా ఆ పని ఎలా జరుగుతుందో ఇప్పుడు తెలుసు. ఎవరూ ఎక్కడికీ దాటరు. ఒకరు గ్లాసులు లెక్కపెడతారు. ఇంకొకరు రాసుకుంటారు. మరొకరు నాలుగు చోట్ల రాసినవి పక్కపక్కన పెట్టి చూస్తారు. గ్లాసులు లెక్కపెట్టినవాళ్లకు తాము ఏం చేశామో తెలియదు. తెలియకుండా ఉండడమే ఆ పనికి కావలసింది.

బుధవారాలు మధ్యాహ్నం మూడింటికి మా ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగేది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. మా పద్ధతి ఏమిటంటే, ముందు ఒక్కొక్కరు తమ కష్టం పైకి చెప్పాలి. అందరూ కలిసి దాని కోసం ప్రార్థించాలి. జ్ఞానరత్నం గారు చర్చి కార్యదర్శి. ఒక బుధవారం వచ్చి, విన్నపాలు గాలికి చెప్పినట్టు చెప్పకూడదన్నాడు. ఎవరి కోసం, ఏ ఊళ్లో, ఏం కావాలి, ఎప్పటినుంచి అన్నీ స్పష్టంగా చెప్పాలి, ఒక పుస్తకంలో రాయాలి, ప్రార్థన నెరవేరాక అదీ రాయాలి అన్నాడు.

మాలో రూతమ్మ అని ఒక దర్జీ భార్య ఉండేది. పెద్ద నోరు, పెద్ద నవ్వు. "దేవునికి మా ఇంటి నంబరు తెల్వదా సారూ?" అంది.

"ఆయనకు తెలుసమ్మా. పక్కన కూర్చున్న మీ అక్కచెల్లెళ్లకు తెలియొద్దూ?" అన్నాడు ఆయన.

అందరూ నవ్వారు. పుస్తకం నా చేతికి వచ్చింది. దస్తూరి బాగుంటుందని. అయిదు గళ్లు గీశాను: పేరు, చోటు, అవసరం, ఎప్పటినుంచి, జవాబు. బుధవారం రాసేదాన్ని, గురువారం ఆయనకిచ్చేదాన్ని, శనివారం సాయంత్రం తిరిగి ఇచ్చేవాడు. వేరే ఊళ్ల సంఘాల వాళ్లకూ నకలు పంపుతున్నామని, వాళ్లూ మన కోసం ప్రార్థిస్తారని చెప్పాడు. మాకు ఎంత గొప్పగా అనిపించిందో! ఎక్కడో మేము చూడని ఆడవాళ్లు మా పేర్లు పలుకుతున్నారని అనుకునేవాళ్లం.

ఒకామె తన ఇంట్లో అద్దెకున్న అబ్బాయి గురించి చెప్పింది. "పొద్దంతా ఏవో కాయితాలు చదువుతడు. మనిషి వస్తే బియ్యం కుండల పెడతడు. మంచోడే, జర దారి తప్పిండు. మంచి బుద్ధి రావాలె." రాశాను. నెల తిరక్కుండా ఆ అబ్బాయి కనబడకుండా పోయాడు. చెప్పకుండా పోయాడని ఆమె చెప్పింది. జవాబు గడిలో "వెళ్లిపోయాడు" అని రాశాను. మేమంతా కృతజ్ఞతలు చెల్లించాం. నా చేత్తో రాసిన ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

అప్పటికి అన్న సనత్‌నగర్‌లో రేకుల కార్ఖానాలో పని చేస్తున్నాడు. కూలివాళ్లతో కలిసి సంఘం పెట్టాడు. సర్కారుకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచాడు. పందొమ్మిది వందల నలభైలు సగం దాటాక ఆ పని చేసినవాడెవడూ ఇంట్లో పడుకునే పరిస్థితి లేదు. వారెంటు వచ్చింది. వాడు బోరబండలో రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల్లోకి పోయాడు. లచ్చమ్మ అనే ఆమె తన గుడిసెలో చోటిచ్చింది. నేను అప్పుడు పంజగుట్టలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పందొమ్మిదేళ్లు.

అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "దానం ముచ్చట ఎవ్వరికీ చెప్పొద్దు బిడ్డా. కూటంల సుత చెప్పొద్దు. దేవునికి నేను ఒక్కదాన్నే చెప్పుకుంట." అయిదు నెలలు అలాగే చేసింది. కూటంలో తన మోకాళ్ల నొప్పి గురించి, నా పెళ్లి గురించి చెప్పేది. అమ్మకు అబద్ధం చెప్పడం రాదు. మోకాళ్ల నొప్పి నిజంగానే ఉంది కాబట్టి సరిపోయింది.

నేను నెలకోసారి గుట్టల దారిన నడిచి పోయి అన్నను చూసి వచ్చేదాన్ని. నన్ను చూడగానే వాడు లచ్చమ్మతో, "అక్కా, మా పంతులమ్మ వచ్చింది. ఇగ సక్కగ మాట్లాడాలె, లేకుంటే తప్పులు దిద్దుతది" అనేవాడు. లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

"జాగ్రత్తగా ఉన్నావా?" అని అడిగితే, "నాకేం ఫికర్ లేదు చెల్లె. గీడ కొత్త మొఖం కనవడితే పది మంది కనిపెడతరు. ఖుఫియా వోడు ఎవ్వడొచ్చినా దొరికిపోతడు" అన్నాడు. ఖుఫియా అంటే రహస్య పోలీసు. వాడు కొత్త ముఖాల కోసం కాపలా కాశాడు. తెలిసిన ముఖాల సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి చెల్లెలి దస్తూరి సంగతి అసలే చెప్పలేదు.

వానలు తగ్గాక వాడికి జ్వరం పట్టుకుంది. అమ్మ ఆసుపత్రి నుంచి క్వినైన్ తెచ్చి, పని అయ్యాక నడిచి పోయి ఇచ్చి వచ్చేది. వారం దాటినా తగ్గలేదు. ఆ బుధవారం కూటం రూతమ్మ ఇంట్లో. అమ్మ వంతు వచ్చింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత, "ఒక తల్లి బిడ్డ జ్వరంల ఉన్నడు. ఎనిమిది రోజులాయె. దిగుతలేదు. జర అందరు ప్రార్థన చేయుండ్రి" అంది.

"పేరు?" అన్నాను నేను. నా పని అది. పుస్తకం ఒళ్లో ఉంది, పెన్ను చేతిలో ఉంది.

అమ్మ నా వైపు చూసింది. "పేరు వద్దు."

"పేరు లేకుండ ఎట్ల సుశీలమ్మా?" అంది ఎవరో.

రూతమ్మ లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యుండ్రే. జ్వరమన్నది కద, సాలు. ఇగ మోకరించుండ్రి" అంది. పేరు గడి, చోటు గడి ఖాళీగా వదిలేశాను. జ్వరం, ఎనిమిది రోజులు అని మాత్రం రాశాను.

గురువారం బడి అయ్యాక పుస్తకం తీసుకుని వరండాకు పోయాను. ఆయన చినిగిన పాటల పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నాడు. పక్కన జిగురు డబ్బా. చేతులు తుడుచుకుని పేజీ చూశాడు. ఖాళీ గళ్ల మీద వేలు ఆగింది. ఏమీ అడగలేదు. నాకు చాయ్ పోశాడు. తను కూడా తాగాడు. బడి సంగతులు మాట్లాడాడు. కప్పు కింద పెట్టి నిట్టూర్చాడు.

"మీ అమ్మగారు చిక్కిపోయారు సుగుణా. కన్నకడుపు. దానం నాగపూర్‌లో అంత దూరాన జ్వరంతో పడి ఉంటే ఇక్కడ ఆవిడ ఏం చెయ్యగలదు, పాపం."

"అంత దూరమేం కాదు సారూ" అన్నాను. "అమ్మ రోజూ నడిచే పోయి వస్తోంది."

ఇంతే అన్నాను. అమ్మను ఆయన అలా జాలిగా చూడడం నాకు నచ్చలేదు. కొడుకును పట్టించుకోని తల్లి అనుకుంటాడేమో అనిపించింది. ఆయన చెప్పింది తప్పు. తప్పు కనబడితే దిద్దడం నాకు ఆయనే నేర్పాడు. మాలిని చూసి నవ్వినదాన్ని నేను. ఆ మాలి కంటే ఎక్కువ చెప్పాను.

"దేవుడు మంచివాడు" అన్నాడు ఆయన. ఇంకో అట్టకు జిగురు రాశాడు.

శనివారం పొద్దున లచ్చమ్మ మా గుమ్మంలో కూలబడింది. పరుగెత్తి వచ్చింది. పోలీసులు వచ్చారట. అమీర్‌పేట నుంచి నడిచి పోయి రాగలిగిన ప్రతి బస్తీకీ వెళ్లారట. "పేరు అడగలే బిడ్డా. జ్వరమొచ్చినోడు ఏ గుడిసెల ఉన్నడు అని అడిగిండ్రు. గుడిసె గుడిసె దూరి ఒళ్లు పట్టి చూసిండ్రు. మీ అన్న ఉరుకుదమని లేసిండు. కాళ్లు నిలవలే. పట్టుకపోయిండ్రు."

పదిహేడు రోజుల తర్వాత శవాన్ని ఇచ్చారు. దానితో ఒక కాగితం ఇచ్చారు. ఉర్దూలో ఉంది. మాకు ఉర్దూ కాగితాలు ఎవరు చదివేవారు? ఆయన్నే పిలిచాం. మా ఇంట్లో, శవం పక్కన, కుర్చీలో కూర్చుని చదివి తెలుగులో చెప్పాడు: జ్వరం ముదిరి సహజంగా మరణించాడు, శరీరం మీద గాయాలు లేవు. అన్న ముఖం మీద దెబ్బలు ఆయనకూ కనబడుతున్నాయి, మాకూ కనబడుతున్నాయి. ఆయన గొంతు ఎక్కడా తడబడలేదు. మంచి తర్జుమా. ఒక్క మాట వదలలేదు, ఒక్క మాట చేర్చలేదు.

సమాధి దగ్గర ప్రార్థన కూడా ఆయనే చేశాడు. అయ్యాక అమ్మ ఆయన దగ్గరకు పోయింది. నేను అమ్మను పట్టుకుని ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"సారూ, నేను పేరు దాసిన. అందరు పేరు చెప్పి అడుగుతరు. నేను నా బిడ్డ పేరు దాసి అడిగిన. నమ్మకం లేకనే కద దాసిన? అందుకే దేవుడు ఇనలే. అంతేనా సారూ?"

ఆయన అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. అక్కడ ఆయన అనాల్సింది ఒక్క మాట. కాదమ్మా అంటే చాలు. ఎందుకు కాదో చెప్పనక్కర్లేదు. తనను తాను బయట పెట్టుకోనక్కర్లేదు. ఏ మనిషైనా ఆ చోట కాదమ్మా అంటాడు. ఆయన తల వంచుకుని, "దేవుని చిత్తం అమ్మా" అన్నాడు.

అన్నను పట్టించినందుకు నాకు ఆయన మీద ఉన్న కోపం ఒకటి. ఈ మాట మీద ఉన్న కోపం వేరు. ఇది పెద్దది.

లచ్చమ్మ చెప్పిన సంగతి నా తలలో నలుగుతూనే ఉంది. పోలీసులకు పేరు తెలియదు, గుడిసె తెలియదు, జ్వరం మాత్రం తెలుసు. జ్వరం సంగతి బయట విన్నది ఆ బుధవారం కూటంలో ఉన్న ఆడవాళ్లే. ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. నా లెక్క రూతమ్మ దగ్గర ఆగింది. ఆమె ఇల్లు, ఆమె నోరు, వచ్చేపోయే గిరాకీలతో ఆమె మొగుడి దర్జీ దుకాణం. దాదాపు ఏడాది నేను రూతమ్మతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే అవతలి పక్కకు దాటేదాన్ని.

ఒకరోజు ఆమె దారికి అడ్డంగా నిలబడింది. "ఏందే సుగుణా, నేనేం జేసిన? నన్ను జూస్తే పాముని జూసినట్టు జూస్తున్నవు."

"మీకే తెలుసు" అన్నాను.

ఆమె ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. చూసి కూడా నడిచి వెళ్లిపోయాను. గూఢచారి చేసే పనిలో ఇదీ భాగమే. వాడు ఒకరిని పట్టిస్తాడు. మిగిలినవాళ్లు ఒకరినొకరు అనుమానించుకుంటూ మిగిలిపోతారు. అన్న తర్వాత నేను పోగొట్టుకున్నది రూతమ్మను.

సర్కారు మారింది. లక్డీకాపూల్ వైపు కచ్చేరీల వెనక రెండు రోజులు కాగితాలు తగలబెట్టారని అందరూ చెప్పుకున్నారు. జ్ఞానరత్నం గారు పనికి పోకుండా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన వరండాకు పోయాను. తగలబడ్డ కాగితాలూ ఆయన ఇంట్లో ఉండిపోవడమూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన మీద నాకు అనుమానం ఉందా అంటే ఉంది. కానీ అది అనుమానంగానే ఉంది; ఆయన కాకపోతే బాగుండుననే కోరిక కూడా దానితో ఉంది. నన్ను మనిషిని చేసినవాడు కదా. ఆయన పాత పుస్తకాలకు అట్టలు వేస్తూనే ఉన్నాడు.

"సారూ, రూతమ్మను చర్చిలోంచి వెలివేయాలి" అన్నాను.

"ఎందుకమ్మా?"

"అన్న సంగతి ఆమే చెప్పింది. కూటం అయిన రోజే పోలీసులకు అంతా చెప్పేసిందట."

"ఊరికే నిందలు వెయ్యకు" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "రూతమ్మ విన్నది జ్వరం ఒక్కటే. నడిచి పోయేంత దూరమని ఆవిడకేం తెలుసు?"

ఆ మాట నేను ఒక్కరికే చెప్పాను. ఈ వరండాలో, చాయ్ తాగుతూ.

కుంచె జిగురులోనే ఆగిపోయింది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. భయం కాదు. మొదట కనబడింది భయం కాదు. గ్లాసుల లెక్క చెప్పిన రోజు నన్ను చూసినట్టే చూశాడు. నేను ఎంత బాగా నేర్చుకున్నానో అని చూశాడు. ఆ చూపు నేను ఎప్పటికీ క్షమించను.

"కూర్చో" అన్నాడు.

"నిలబడతాను."

అప్పుడు చెప్పాడు. తెలుగు ఉత్తరాలు తెరిచి చదివి ఉర్దూలోకి మార్చడం ఆయన ఉద్యోగం. తర్వాత వారానికో రిపోర్టు కూడా అడిగారు. అమీర్‌పేట నుంచి బోరబండ దాకా ఎవరింటికి ఎవరు వస్తున్నారు, ఎవరు కనబడడం లేదు. విన్నపాల పుస్తకం అందుకు పుట్టింది. "నేను మీ అన్న పేరు రాయలేదు సుగుణా. జ్వరంతో ఉన్న ఒక యువకుడు, ఇక్కడి నుంచి తల్లి నడిచి పోయి వచ్చేంత దూరం. ఇంతే రాశాను. నా రిపోర్టులో ఒక్క అబద్ధం లేదు. నేను రాయకపోతే ఇంకొకడు రాసేవాడు. ఏమీ తెలియనివాడు రాస్తే బోరబండ మొత్తం తగలబెట్టేవారు."

"మొత్తం తగలబెట్టలేదు కదా. మా అన్నను ఒక్కణ్ణే చంపారు."

"చంపుతారని నాకు తెలియదు."

"శవం పక్కన కూర్చుని కాగితం చదివారు. అప్పుడు తెలిసిందా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందు లేచి చెబుతానన్నాను.

"చెప్పు" అన్నాడు ఆయన, నెమ్మదిగా. "నీకు ఆ హక్కుంది. అయితే అంతా చెప్పాలి. పుస్తకంలో విన్నపం మీ అమ్మగారిది. దూరం మాట నీది. ఆవిడకు ముందు నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

అది బెదిరింపని ఆయన ఒప్పుకోడు. చూసింది చెప్పానంటాడు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. ఏమీ చెప్పలేదు.

రూతమ్మ దగ్గరకు పోయాను. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను" అన్నాను. కారణం చెప్పలేకపోయాను. ఆమె, "పోనీయే. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు" అని నాకు అన్నం పెట్టింది. ముందున్న నవ్వు మాత్రం నాతో మళ్లీ నవ్వలేదు.

ఏడాది తిరిగేలోపు జ్ఞానరత్నం గారు మళ్లీ సైకిలెక్కాడు. కొత్త సర్కారుకూ తర్జుమా కావాలి. కార్యదర్శి పదవి పోలేదు. ఇంకా పదిహేనేళ్లు ఆదివారం ఆదివారం మా ముందు నిలబడి ప్రార్థించాడు. పుస్తకం రాయడం నేను మానేశాను; ఇంకొక అమ్మాయి రాసింది. అమ్మ మాత్రం అన్నను సమాధి చేసిన రోజు నుంచి ఒక్క పేరూ దాచలేదు. ప్రతి బుధవారం అందరికంటే స్పష్టంగా, పేరు, ఇంటి నంబరు, జబ్బు, అన్నీ గట్టిగా చెప్పేది. తప్పు చేసినవాళ్లు దిద్దుకున్నట్టు చెప్పేది. ఆమె అలా చెబుతుంటే నేను బయటికి పోయి గోడ పక్కన నిలబడేదాన్ని.

అమ్మ మంచాన పడ్డాక ఆయన వారానికోసారి వచ్చి వాక్యం చదివేవాడు. అమ్మ ఆయన చేతులు కళ్లకద్దుకునేది. ఒక మధ్యాహ్నం ఆయన పోయాక అమ్మ నన్ను పిలిచింది. ఎండ మంచం దాకా వచ్చి ఉంది.

"సుగుణా, నాకు ఒక్కటే భయం. పైన దానం ఎదురొస్తడు కద. నా పేరెందుకు చెప్పలేదు అమ్మా అని అడిగితే నేనేమనాలె?"

నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. నీ ప్రార్థన తప్పు కాదమ్మా, నువ్వు పేరు దాచడమే మంచిదైంది, ఇంకా దాచి ఉండాల్సింది. చెప్పింది నేను, అమ్మింది ఆయన. ఇంత చాలు. అమ్మ తేలికపడి పోయేది. నన్ను ఏమీ అనేది కాదు, దగ్గరకు తీసుకునేది. అన్నేళ్లూ నేను చెప్పకపోవడానికి కారణం నా తప్పు బయటపడుతుందన్న భయమే అని అనుకుంటూ వచ్చాను. ఆ మధ్యాహ్నం అమ్మ ముఖం చూస్తుంటే అది కాదని తెలిసింది. నేను చెబితే అమ్మ ఆయన్ని పిలిపించేది. మంచం పక్కన కూర్చోబెట్టుకుని క్షమించేది. అమ్మ అలాంటి మనిషి. ఆయన ఏడ్చేవాడు, శుభ్రపడి ఇంటికి పోయేవాడు.

అది నేను జరగనివ్వదలచుకోలేదు.

"పడుకో అమ్మా" అన్నాను. "వాడేం అడగడు."

నాలుగు రోజులకు అమ్మ పోయింది, ఆ భయంతోనే. దానిని తీసేయగలిగిన దాన్ని నేనొక్కదాన్నే. తీయలేదు. ఆయనకు క్షమాపణ దొరకకూడదని, అమ్మను అలా పోనిచ్చాను.